చూపుతాసు

ఫొటోలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. కింద ఇసుక, మధ్యలో నీళ్ళు, పైన ఆకాశం. మూడూ బూడిద రంగే, కాకపోతే ఒకదానికన్నా ఒకటి కాస్త వెలిసింది. కుడివైపు, నీళ్ళూ ఆకాశమూ కలిసే గీతకి వెంట్రుకవాసి కిందగా ఒక నల్లటి చుక్క ఉంది. దీన్నే ఏ ఖరీదైన హోటల్ గోడకో తగిలిస్తే, ముందు నిలబడి ఏకాంతం అనీ శూన్యం అనీ పెద్ద పెద్ద మాటలు మాట్లాడుకునేవాళ్ళు బోలెడుమంది దొరుకుతారు. దీన్ని ఏ కళాకారుడూ తీయలేదు. తుపాను వెళ్ళిన నాలుగో రోజు ఉదయం తొమ్మిదింపావుకి, ఒడ్డున స్తంభానికి బిగించిన కెమెరా తనంతట తనే తీసింది.

ఆ చుక్క ఏమిటో రెండు గంటల్లో తేల్చాలి. మధ్యాహ్నానికి మళ్ళీ గాలివాన ఉంది. గాలింపు దళానికి ఉన్నది ఒక్కటే ఓడ. దక్షిణాన ఏవో తేలుతున్నాయని ఒక కబురు వచ్చింది, తూర్పున ఈ చుక్క ఉంది. ఓడ ఏదో ఒక దిక్కుకే వెళ్ళగలదు. చుక్క తుపానులో తప్పిపోయిన పడవైతే అందులో నలుగురు మనుషులు ఉన్నట్టు. ఆ నలుగురిలో ఎల్లాజీ ఒకడు. అతను డాక్టర్ నూకరత్నానికి స్వయానా అన్న.

అందుకే ఆ ఉదయం ప్రయోగశాలలో అందరూ ఆమెతో మామూలుకన్నా మెల్లగా మాట్లాడుతున్నారు. అది ఆమెకి ఒళ్ళు మండేలా ఉంది.

"కంప్యూటర్ ఏమంటోంది మేడమ్?" అని అడిగాడు దళం అధికారి రహమాన్.

"ఫొటోలో నాలుగు పిక్సెళ్ళ చుక్క సార్. పడవ కావచ్చు, డ్రమ్ము కావచ్చు, కొంగ కావచ్చు అంటోంది. అంత తెలివి మనకీ ఉంది."

కంప్యూటర్లు చేతులెత్తేసిన చోట మనిషి కన్ను పనికొస్తుందని కనిపెట్టిన ప్రయోగశాల అది. ఇలాంటి బోసి ఫొటో చూపిస్తే మనిషి ఊరికే ఉండడు, ఖాళీని నింపుతాడు. కొంత నిజంగా కంటికి ఆనింది చెబుతాడు, కొంత తన కోరికనో భయాన్నో చెబుతాడు. ఏది ఎంతో చెప్పినవాడికే తెలియదు. ఆ రెంటినీ విడదీసి తూచే యంత్రం నూకరత్నం ఏడేళ్ళ కష్టం. తలకి తట్టలా బోర్లించే తొడుగు, దాని నిండా తీగలు, పక్కన ఒక తెర. తెర మీద రెండు అంకెలు పడతాయి, ఒకటి కన్ను, రెండోది మనసు. దానికి ఆమె పెట్టిన పేరు చూపుతాసు.

ముందు ఇద్దరు కుర్ర పరిశోధకులకి తొడుగు పెట్టారు. ఇద్దరూ "ఏదో మచ్చ సార్, అంతే" అన్నారు. తాసు ఇద్దరికీ కన్ను తొంభై చూపించింది. మూడో మనిషిగా కొర్లమ్మ వచ్చింది. ఎల్లాజీ పెళ్ళాం. ఆ పడవని రోజూ చూసే మనిషి కదా అని నల్లరాయిపేట నుంచి జీపులో తీసుకొచ్చారు. నాలుగు రోజులుగా ఒడ్డు వదలని మనిషి, కాళ్ళకి ఇంకా ఇసుక ఉంది.

"వదినా, ఈ ఫొటో చూసి నీకేం కనబడుతోందో చెప్పు, చాలు," అంది నూకరత్నం తొడుగు సర్దుతూ.

కొర్లమ్మ చూసింది. చూసీ చూడగానే తల కొంచెం పక్కకి తిప్పుకుని, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సెప్పాలేటి?"

"చెప్పాలి."

"పైకే?"

"పైకి అంటేనే మిషను రాసుకుంటుంది వదినా. గట్టిగా చెప్పు."

కొర్లమ్మ కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి, ఎవరికో దండం పెట్టుకుంటున్నట్టు. నుదుటి మీద చెమట పట్టింది. నూకరత్నం చేతి గడియారం చూసుకుంది.

"పడవ," అంది కొర్లమ్మ కళ్ళు తెరిచి. ఆ ఒక్క మాట బయటపడ్డాక ఇక ఆగలేదు. "మీ అన్న పడవే. ఇంజిను ఆగిపోనాది. కెరటానికి అడ్డంగా పడున్నాది సూడు. డ్రమ్మయితే కెరటం కిందకి దిగిపోద్ది, ఇలాగ పైకి ఆనదు. బోయా అయితే సుట్టూ తెల్లగా నురగ కడతాది. ఇది అడ్డంగా పండుకున్నాది. మనుషులు ఒక పక్కకి ఒరిగి కూకున్నారు, అందుకే ఆ కొస బరువుగున్నాది. బేగెళ్ళండి బాబూ, బేగెళ్ళండి."

తెర మీద అంకెలు పడ్డాయి. కన్ను నాలుగు, మనసు తొంభై ఆరు.

రహమాన్ గడ్డం గోక్కున్నాడు. "ఆవిడ చెప్పింది చాలా వివరంగా ఉంది మేడమ్. నాకైతే తూర్పుకే వెళ్ళాలనిపిస్తోంది. మీరేమంటారు?"

ఆ ప్రశ్న ఆమె జీవితంలో ఇంకెన్నిసార్లు వినబడుతుందో అప్పుడు ఆమెకి తెలియదు. నిజం చెప్పాలంటే నూకరత్నానికీ తూర్పుకే వెళ్ళాలనిపించింది. అలా అనిపించినందుకే ఆమెకి తన మీద అనుమానం వచ్చింది. అన్న కాబట్టి అంటోంది అనుకుంటారు. జాలరి పిల్ల, ఎంత చదివినా ఏం లాభం అనుకుంటారు. ఏడేళ్ళుగా ఆమె చెబుతూ వచ్చిందల్లా ఒకటే, ఆశ చూపుని కమ్మేస్తుందని. ఇవాళ ఆ మాట తన ఇంటికే వర్తించదా?

"అనిపించడాన్ని తూచడానికే కదా సార్ ఈ తాసు," అంది. "దక్షిణానికి వెళ్ళండి."

బయట వరండాలో కొర్లమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఎల్లినారా అమ్మా?"

"వెళ్ళారు వదినా," అంది నూకరత్నం. ఎటు వెళ్ళారో చెప్పలేదు. కొర్లమ్మ అడగలేదు.

ఓడ సాయంత్రానికి రెండు నూనె డ్రమ్ములతో తిరిగివచ్చింది. గాలివాన తగ్గాక కెమెరా తీసిన ఫొటోల్లో ఆ చుక్క లేదు.

మూడేళ్ళ కిందట ఈ తాసుకి పాఠం నేర్పింది నల్లరాయిపేట వాళ్ళే. ఏ యంత్రమైనా పుడుతూనే అన్నీ తెలుసుకుని పుట్టదు. ఏది కన్నో ఏది మనసో దానికి ఎవరైనా చూపించాలి. సముద్రం మీద చూపుకి జాలర్లని మించినవాళ్ళు ఎవరున్నారని నూకరత్నం తన ఊరినే ఎంచుకుంది. తుపాను షెల్టర్లో తీగలు పరిచి, నూట నలభై మందిని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, పడవ ఉన్న ఫొటోలూ లేని ఫొటోలూ కలగలిపి చూపించింది. ఏం కనబడుతోందని అడిగింది. వాళ్ళ మెదడులో కలిగిన కదలికనీ, వాళ్ళ నోటి మాటనీ పక్కపక్కన పెట్టి తాసుకి అప్పజెప్పింది.

ఫలితం చూసి ఆమే నోరు వెళ్ళబెట్టింది. దూరాన పడవ ఉన్న ఫొటోలకి దాదాపు అందరూ "ఏటీ నేదమ్మా" అన్నారు. ఏమీ లేని ఫొటోలకి "ఇదిగో పడవ, అదిగో పడవ" అని నవ్వుతూ చెప్పారు. పడవ ఉన్న ఫొటోల దగ్గర వాళ్ళ మెదడులో పెద్ద అలజడి రేగిన మాట నిజమే. నోరు లేదంటోంది, లోపల అలజడి ఉంది. కాబట్టి అది చూపు కాదు, ఒట్టి భయమూ ఆశా అని లెక్కకట్టారు. తాసు అదే నేర్చుకుంది. జాలరి కన్ను అనేది ఒట్టి అపోహ అని నూకరత్నం రాసిన వ్యాసం నాలుగు దేశాల్లో పేరు తెచ్చుకుంది. ప్రయోగశాల డైరెక్టర్ సుందరంగారు ఆ రోజు అందరికీ మిఠాయి పంచారు. సొంత ఊరి గొప్ప కూలిపోయినందుకు ఆమెకి కొంచెం బాధ కలిగింది. అయినవాళ్ళన్న మొహమాటం లేకుండా నిజం చెప్పానన్న గర్వం అంతకన్నా ఎక్కువ కలిగింది.

ఓడ ఉత్త చేతులతో తిరిగొచ్చాక ఆమె సెలవు పెట్టి వదిన దగ్గరే ఉంది. రెండు గదుల ఇల్లు, వాకిట్లో చిక్కుపడ్డ వల ఒకటి. రోజూ పొద్దున్నే కొర్లమ్మ అన్నం వండుతుంది, ఇద్దరికీ పెడుతుంది, తనది ముట్టుకోదు. గిన్నెలు తోమేటప్పుడు ఒకే గిన్నెని మళ్ళీ మళ్ళీ తోముతుంది. నూకరత్నం వెళ్ళి చేతిలోంచి తీసుకుంటే వదిలేస్తుంది. ఏడవదు.

వింతేమిటంటే, పలకరించడానికి ఒక్క ఆడది కూడా ఆ గుమ్మం తొక్కలేదు. మిగతా ముగ్గురి ఇళ్ళ ముందు చాపలు పరిచి జనం కూర్చుంటున్నారు. కొర్లమ్మ బోరింగు దగ్గరికి వెళితే ఉన్నవాళ్ళు బిందెలు తీసుకుని పక్కకి తప్పుకుంటున్నారు. ఎవరి దుఃఖంలో వాళ్ళున్నారు కాబోలు అనుకుంది నూకరత్నం. తొమ్మిదో ఏట హాస్టల్‌కి వెళ్ళిన మనిషి, ఊరి సంగతులు అంతకు మించి అర్థం చేసుకోలేకపోయింది. "మన గడపకి ఎవరూ రారేం వదినా?" అని ఒకసారి అడిగింది.

"ఒస్తారేటి ఇంక," అంది కొర్లమ్మ. గిన్నె తోముతూనే ఉంది.

పదకొండో రోజున ఉత్తరాన చాలా దూరంలో సరుకుల ఓడ ఒకటి పడవని చూసింది. నలుగురూ అందులోనే ఉన్నారు. శవాల్ని గుర్తుపట్టడానికి నూకరత్నమే వెళ్ళింది. అన్న ఎండకి మొహం నల్లబడి, చిన్నప్పుడు ఆమెని భుజాల మీద ఎక్కించుకున్న మనిషిలా లేడు. ఎడమ చేతి మీద పచ్చబొట్టు చూసి ఔనంది. వాన నీళ్ళు ఐసు పెట్టెలో పట్టుకుని తాగుతూ బతికారని డాక్టరు చెప్పాడు. ఎల్లాజీ అందరికన్నా ఆఖర్న, తొమ్మిదో రోజున పోయాడు.

తొమ్మిదో రోజు. ఫొటో తీసింది నాలుగో రోజు.

ఆమె అక్కడే, ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని, గాలీ నీటి వాలూ తీసుకుని పడవ నడిచిన దారిని వెనక్కి గీసింది. పడవ ఏ రోజు ఎక్కడుందో తేలుస్తూ గీత నాలుగో రోజు ఉదయానికి వచ్చింది. అది సరిగ్గా ఆ చుక్క మీదుగా పోయింది. రెండోసారి గీసింది. మూడోసారి గీసింది. ఇంజిను నాలుగో రోజుకి ముందే ఆగిపోయి ఉంటుందని పడవని విప్పి చూసిన మెకానిక్ రాసిచ్చాడు. కన్ను నాలుగే అన్న తాసు ఎక్కడ తప్పింది? ఆమెకి ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

అంతుపట్టించింది ముసలి గురమ్మ. శవాలు ఊరికి వచ్చిన రోజున ఒడ్డున నాలుగు పాడెలు కట్టారు. కొర్లమ్మ మొగుడి దగ్గరికి వెళ్ళబోతే గురమ్మ కర్ర అడ్డం పెట్టింది. పోయిన నలుగురిలో ఒకడు ఆమె మనవడు.

"ఎల్లకు. నోటితో అన్నావుగదా, సాలు. ఇంకా ఎందుకొస్తావు?"

"ఏమంది అవ్వా? వదిన ఏమంది?" అని నూకరత్నం అడ్డం వెళ్ళింది.

"ఏటందా? పడవ అన్నాది! జీపు డైవరు ఊరంతా సెప్పినాడు, ఆఫీసులో గట్టిగా అరిసిందని. పడవ అడుగు ఇసకని రాసుకునీదాకా దాని పేరెత్తుతారేటమ్మా ఎవులైనా? సంద్రం మీద పడవ కానొస్తే మొకం తిప్పుకోవాల. ఎవులడిగినా ఏటీ నేదనాల. ఉన్నాదన్నామా, ఆ పడవ ఇంక ఒడ్డుకి రాదు. మా అమ్మలకాడ్నించీ ఉన్న మాట. నీకు తెల్దా?"

నూకరత్నానికి తెలియదు. ఒడ్డున నిలబడి ఎదురుచూసే ఆడవాళ్ళకి అత్తలూ అమ్మలూ నేర్పే కట్టుబాటు అది. మగవాళ్ళకీ తెలుసు, ఎవరూ పెద్దగా చెప్పుకోరు. ఆమెకి నేర్పాల్సిన తల్లి ఆమె హాస్టల్లో ఉండగానే పోయింది.

"మరి నేను ఫొటోలు చూపించినప్పుడు..." అంది.

"నీ బొమ్మల్లో ఉన్నవీ మనోళ్ళ పడవలే కదే. ఎలాగంటాం? నేని బొమ్మలకి మాత్రం ఉన్నాది ఉన్నాది అన్నాం. ఆడపిల్లవి, సదూకొచ్చి అడుగుతన్నావు, అన్నిటికీ నేదు నేదంటే సిన్నబుచ్చుకుంటావని."

అన్నకి నిప్పు పెట్టడం పూర్తయ్యేదాకా నూకరత్నం ఎలాగో నిలబడింది. మర్నాడు పొద్దున్నే ప్రయోగశాలకి వెళ్ళి మూడేళ్ళ నాటి వీడియోలు బయటికి తీసింది.

అప్పుడు ఎవరూ మనుషుల మొహాలు చూడలేదు, అంకెలే చూశారు. ఇప్పుడు చూస్తే ఒకరి తర్వాత ఒకరు, పడవ ఉన్న ప్రతి ఫొటోకీ, తల రవంత పక్కకి తిప్పుతున్నారు. ఆడవాళ్ళు చెంగు నోటికి అడ్డం పెట్టుకుంటున్నారు. మగవాళ్ళు దగ్గుతున్నారు, మెడ గోక్కుంటున్నారు. తర్వాత "ఏటీ నేదమ్మా" అంటున్నారు. నూట నలభై మందిలో నూట ముప్పై ఒక్కరు కంటికి ఆనీ ఆనని పడవలన్నీ ఒక్కటి కూడా తప్పకుండా చూశారు. ప్రపంచంలో ఏ యంత్రానికీ లేని చూపు అది. ఆ చూపు కలిగినప్పుడల్లా, ఇది చూపు కాదు అని ఆమె తాసుకి వల్లెవేయించింది. కొర్లమ్మ ఎంత బాగా చూసిందో మనసు అంకె అంత పెరిగింది.

సుందరంగారు అంతా విని కళ్ళజోడు తుడుచుకున్నారు. చెడ్డవాడేం కాదు. "చాలా పెద్ద విషయం పట్టుకున్నావమ్మా. అంకెల్ని తిరగేస్తే తాసు సరైపోతుంది కదా? ఇంకోసారి ఊరివాళ్ళని కూర్చోబెడదాం. ఈసారి ఆ పట్టింపు పక్కనపెట్టి ఉన్నదున్నట్టు చెప్పమందాం. ఎన్ని ప్రాణాలు నిలబడతాయో ఆలోచించు."

"చెప్పరు సార్. చెప్పిన మనిషికి ఏమైందో ఊరంతా చూసింది."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. నెల తర్వాత మాట్లాడదాం, విశ్రాంతి తీసుకో అన్నారు.

వదినకి చెప్పాలా వద్దా అని ఆమె రెండు రోజులు కొట్టుమిట్టాడింది. చెబితే, ఆవిడ చూసింది నిజంగా మొగుణ్ణేననీ, అప్పటికి అతను ప్రాణాలతో ఉన్నాడనీ, తర్వాత అయిదు రోజులు ఎవరో వస్తారని ఒడ్డు వైపే చూస్తూ ఉన్నాడనీ చెప్పాలి. చెప్పకపోతే, తన నోటి మాటే మొగుణ్ణి చంపిందనుకుంటూ ఆవిడ బతకాలి. ఆ రెండింట్లో రెండోదే ఘోరమనిపించింది. వదిన తిడుతుంది, జుట్టు పట్టుకుని బయటికి ఈడుస్తుంది. ఈడ్చనీ, కనీసం ఆవిడ మీది నింద తొలగిపోతుంది అనుకుంది. మనసులో మాట చెప్పాలంటే, తిట్లు తినాలనే ఆమెకి ఉంది.

మధ్యాహ్నం వేళ వెళ్ళింది. కొర్లమ్మ గడప లోపల గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. సముద్రం వైపు కిటికీ మూసేసి ఉంది. నూకరత్నం ఎదురుగా నేల మీద కూర్చుని అంతా చెప్పింది. వీడియోలూ, తాసూ, అంకెలూ. ఓడ దక్షిణానికి వెళ్ళిందని చెప్పింది. పంపింది తనేనని చెప్పింది. ఆ రోజు వరండాలో అబద్ధం ఆడానని చెప్పింది. ఆమె ఏడుస్తూ చెప్పింది, కొర్లమ్మ ఏడవకుండా విన్నది.

"అంటే అప్పుడు ఆడు బతికే ఉన్నాడు," అంది చివరికి.

"ఉన్నాడు వదినా. నువ్వు చూసింది అన్నయ్యనే. ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. తప్పంతా నాది, నా మిషనుది."

"నాను మొకం తిప్పుకుని ఏటీ నేదని ఉంటే?" అంది కొర్లమ్మ.

"ఏమీ మారేది కాదు. అప్పుడూ ఓడ అటు వెళ్ళేది కాదు."

"ఎల్లకపోతే ఏటి? ఓడ ఎల్లకపోయినా పడవలు రానేదేటి ఎప్పుడూ? మా నాయన పడవ పద్దినాలకి తిరిగొచ్చినాది. ఒడ్డు మీద ఎవులూ నోరెత్తనేదు, తనంతట తనే ఒచ్చినాది."

"వదినా, అది వేరు. ఇది మిషను పొరపాటు. నేను కాగితం మీద రుజువు..."

"మిషనంటే ఇనపముక్కమ్మా. దానికేటి తెలుసు పాపం. దాని కళ్ళు కప్పిందెవులు? ఓడని అటు తిప్పిందెవులు? ఇంత సదువుకున్న నీకు ఆ పూట బుద్ధి తెలీకుండా సేసిందెవులు?" కొర్లమ్మ గొంతులో కోపం లేదు. చిన్నపిల్లకి నచ్చజెబుతున్నట్టు చెప్పింది. "నీ మిషనుకి ఇనపడాలని గట్టిగా అన్నాను. దానికి ఇనపడనేదు. గంగమ్మకి ఇనపడిపోనాది."

నూకరత్నం నోరు తెరిచింది. చెప్పడానికి ఆమె దగ్గర ఉన్నవన్నీ అంకెలే. అయినా చెప్పబోయింది.

ఈలోగా కొర్లమ్మ ముందుకి జరిగి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఇన్ని రోజులూ రాని ఏడుపు ఆవిడకి అప్పుడు వచ్చింది.

"తల్లి నేని పిల్లవి. నీకున్నది ఒక్కడే అన్న. ఆడిని నీకు కాకండా సేసినాను. తప్పయిపోనాది రత్నమ్మా, నన్ను సమించు. ఊళ్ళో ఎవులూ సమించరు, నువ్వైనా సమించాననమ్మా."

నూకరత్నం చేతులు వెనక్కి లాక్కోబోయింది. కొర్లమ్మ వదల్లేదు. అలా అడుగుతూనే ఉంది, ఆమె ఆ మాట అనేదాకా అడిగింది. చివరికి నూకరత్నం, "క్షమించాను వదినా," అంది.